అల్లుడుగారు గట్టు కొట్టేశారు

గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడికి మొదటి సంక్రాంతి అంటే పరీక్షే. వడ్డించినవన్నీ తినాలి, చూపించినవాళ్లందరికీ దండం పెట్టాలి. అల్లుడు సాఫ్ట్‌వేర్ అయితే ఇంకో పేపరు అదనం: ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు బాగుచెయ్యాలి. బెంగళూరులో అతను చేసేది జీతాల ప్రోగ్రాంలో తప్పులు పట్టే ఉద్యోగమని ఎంత చెప్పినా వినరు. గుండె డాక్టరుకి పన్ను చూపించే జనం మనం.

వీరవాసరం దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఊళ్లో, భోగి మధ్యాహ్నం, ముప్పై రెండో రకం నోట్లో ఉండగా మామగారు కదిపారు.

"బాబుగారూ, మన కంప్యూటరు రోజూ ఏదో బొమ్మ చూపించి భయపెడతందండి. కాలం చెల్లిపోయిందంటందండి. ఓసారి చూద్దురూ, ఆయ్."

కాలం చెల్లిన మాట నిజమే. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని దాదాపుగా గుమ్మం ఎక్కనివ్వదు, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలంటుంది. రొయ్యల చెరువు లెక్కలు రాసుకునే పెట్టెకి ఇంత హంగు ఎందుకు? విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం వేస్తే 2 జీబీ ర్యామ్‌లోనే కదులుతుంది, 20 జీబీ చోటు చాలు, ధర సున్నా. అల్లుడు ఇచ్చిన సలహా బంగారం. ఇక్కడిదాకా ఎవరూ వంక పెట్టలేరు.

మింట్ మొత్తం సర్దిన ఐఎస్‌ఓ ఫైలు మూడు జీబీకి దగ్గర్లో ఉంటుంది. అల్లుడి ఫోన్లో రోజుకి ఒకటిన్నర జీబీ. టోరెంట్లో దింపితే ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకుంటుంది కాబట్టి అతని డేటా అయిపోగానే బావమరిది హాట్‌స్పాట్, అదీ అయిపోతే పిన్నత్తగారిది. ఆవిడ సీరియల్ మధ్యలో ఆగిపోవడం వేరే గొడవ. దించాక ఫైలు సరిగ్గా దిగిందో లేదో మింట్ వాళ్లిచ్చిన షా256 సంకేతంతో పోల్చి చూసుకోవాలి, సగం దిగిన ఫైలుతో సగం వ్యవస్థే లేస్తుంది. ఆ పని మాత్రం చేశారు.

పెన్‌డ్రైవ్ ఏదీ అంటే మామగారు కారులోంచి పీకి తెచ్చారు. రూఫస్ అనే ప్రోగ్రాంతో ఐఎస్‌ఓ రాస్తే పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది. రాసే ముందు అది హెచ్చరిస్తుంది కూడా. అందులో ఉన్న ఆరువందల ఘంటసాల పాటలు ఆ మధ్యాహ్నమే మాయమయ్యాయి.

"పోన్లెండి బాబుగారూ, పాత పాటలేగా," అన్నారు మామగారు. మీసం మీదున్న చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది.

కంప్యూటరు దేన్నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ కోసం నొక్కాల్సిన మీట ఒక్కో బోర్డుకి ఒక్కోటి: ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12. అసెంబుల్డ్ కంప్యూటరు కదా, అల్లుడు పై వరస మొత్తం హార్మోనియం వాయించినట్టు వాయించాడు. మెనూ వచ్చింది. అందులో ఒకే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనిపించింది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని, అంటే కంప్యూటరు లేచే కొత్త పద్ధతి పేరు ఉంది. అతను దాన్నే ఎంచుకున్నాడు, కొత్తదేదో మంచిదే అని. ఇంట్లో ఉన్న విండోస్ మాత్రం పాత బయోస్ పద్ధతిలో వేసింది. ఇలా రెండూ రెండు దారులైతే ఇన్‌స్టాలర్‌లో 'విండోస్ పక్కనే పెట్టు' అనే వరస ఒక్కోసారి కనపడదు. కనపడకపోతే చెయ్యాల్సింది ఒకటే: ఆపి, మళ్లీ బూట్ చేసి, రెండో పేరు ఎంచుకోవడం.

అసలు ఆ గడప కూడా తొక్కక్కర్లేదు. మింట్ పెన్‌డ్రైవ్ నుంచే పూర్తిగా నడుస్తుంది. ఆ అవతారంలోనే వైఫై, ప్రింటరు, సౌండు చూసుకోవచ్చు, డి డ్రైవ్ తెరిచి అందులో సరుకంతా ఇంకో డిస్క్‌లోకి ఎత్తిపెట్టుకోవచ్చు. కానీ అత్తగారు సున్నుండల పళ్లెంతో వెనకాలే నిలబడి ఉన్నారు. ఎదురుగా ఉన్నవి రెండే వరసలు: 'డిస్క్ చెరిపేసి మింట్ వెయ్యి', 'ఇంకోలా'. అల్లుడు లెక్క వేసుకున్నాడు: విండోస్ సి డ్రైవ్‌లో ఉంది, మామగారి లెక్కలు డి డ్రైవ్‌లో ఉన్నాయి, చెరిపేది విండోస్‌ని, కాబట్టి డికి ఢోకా లేదు.

చెరువు చూడని మనిషి లెక్క ఇది. చెరువు ఒకటే. మధ్యలో గట్టు పోసి ఇటు వంద, అటు మూడొందల అరవై అయిదు అని పంచుకున్నాం. (కంపెనీ వెయ్యి చొప్పున 500 జీబీ లెక్కేస్తే విండోస్ 1024 చొప్పున కొలిచి 465 అంటుంది, తరుగు ఏమీ లేదు.) సి, డి అన్నవి ఆ మడులకి విండోస్ పెట్టిన ముద్దుపేర్లు. లినక్స్‌కి ఆ పేర్లు తెలియవు, అది చెరువుని ఎస్‌డీఏ అని పిలుస్తుంది. డిస్క్ చెరిపెయ్యమంటే ప్రొక్లెయినర్ దించి గట్టుతో సహా చదును చేస్తుంది. చేసే ముందు ఏ డిస్క్ మీద ఏం మార్పులు రాయబోతోందో పట్టీ చూపించి ఆఖరుసారి అడుగుతుంది కూడా. సున్నుండ నెయ్యి అంటిన వేలితో అల్లుడు 'కానివ్వు' నొక్కాడు.

పాతిక నిమిషాల్లో అయిపోయింది. లినక్స్ కష్టమనేవాళ్లు ఈ పాతిక నిమిషాలు చూడాలి. కొత్త తెర పచ్చగా తళతళలాడుతుంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. పిల్లలు గేములు దింపుకోవడం మొదలెట్టారు.

"డి ఎక్కడుందండి బాబుగారూ?"

"లినక్స్‌లో డి ఉండదు మామయ్యగారూ."

ఆ వాక్యంలో ఒక్క అక్షరం తప్పు లేదు.

"అలాగాండి. మరి డిలో ఉన్నయ్యి?"

డిలో ఉన్నవి: మూడేళ్ల మేత లెక్కలు, ఏ పట్టుబడికి ఎంత కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క) పడిందో ఆ పట్టీలు, పెళ్లి ఫొటోలు, ఇంకా పెళ్లి చదివింపుల జాబితా. కొత్తల్లుడిని పల్లెత్తు మాట అనకూడదు కాబట్టి మామగారు నాలుగుసార్లు "పర్లేదండి" అని, పెరట్లోకి వెళ్లి కాకినాడలో బీటెక్ చదువుతున్న కొడుకుని వాయించేశారు.

ఇంత జరిగాక కూడా సరుకు చాలామటుకు డిస్క్ మీదే ఉంటుంది. కొత్త ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు పెట్టుకునే ఏర్పాటు) వేసేటప్పుడు డిస్క్ మొత్తం మీద రాయరు, చిట్టా మాత్రమే కొత్తది పెడతారు. పాత ఫైళ్లు ఎవరో వాటి మీద రాసేదాకా అలాగే పడి ఉంటాయి. కాబట్టి తప్పు తెలిసిన క్షణం కంప్యూటరు ఆపెయ్యాలి. మింట్ వేసే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4 అయితే మరీను, మనం చేతులు కట్టుకుని కూర్చున్నా అది వెనకాల తన పట్టికల మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. ఈ ఇంట్లో ఆపలేదు. ఆ రాత్రంతా పిల్లలు గేములు దింపుతూనే ఉన్నారు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అల్లుడు బస్సెక్కి పారిపోయే వీలు లేదు. బావమరిదే పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ మింట్ లేపి, అందులో పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ వేశాడు. అది పాత గట్టు ఆనవాలు పట్టింది కానీ, లోపల ఫైళ్ల చిట్టా అప్పటికే చెదిరిపోయింది. ఇక మిగిలింది దానితోపాటే వచ్చే ఫొటోరెక్. అది పేర్లు చూడదు. డిస్క్ అంతా దేవి, ఫైలు తలకట్టుని బట్టి ఇది ఫొటో, ఇది ఎక్సెల్ అని పట్టి పైకి తీస్తుంది. తీసింది అదే డిస్క్‌లో వెయ్యకూడదు, మునిగినవాడి మీద మళ్లీ మట్టి పోసినట్టే. ఊళ్లో ఫొటో స్టూడియో అతని దగ్గర 1 టీబీ డిస్క్ అరువు తెచ్చారు. పొద్దున్న గారెలప్పుడు మొదలైతే నాటుకోడి కూర దించేసరికి పూర్తయింది.

దొరికాయి. ఒక్కో ఫోల్డర్లో అయిదొందల ఫైళ్లు, పేర్లు లేవు, ఎఫ్ అనే అక్షరం పక్కన ఏడంకెలు. ఫొటోలకి తీసిన తేదీ లోపలే రాసి ఉంటుంది కాబట్టి వాటిని వరసలో పెట్టుకోవచ్చు. ఎక్సెల్ ఫైళ్లకి ఆ సుఖం లేదు, ఒక్కోటీ తెరిచి చూసుకోవాల్సిందే. కనుమ భోజనాలు చేసి బంధువులంతా తెర చుట్టూ చేరారు. అల్లుడు తెరుస్తున్నాడు, మామగారు పోలుస్తున్నారు.

పదకొండో ఫైల్లో మొదటి గడి నిండా పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు. పక్కన రెండు గళ్లలో అంకెలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. 516. 5116. 116. 2116.

"వైరస్సాండి?" అన్నారు పిన్నత్తగారు.

వైరస్ కాదు. డీటీపీ కుర్రాడు అను ఫాంట్లలో కొట్టిన తెలుగు. ఈ ఫాంట్లు యూనికోడ్ కాదు, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది. అంకెలకి వేషం లేదు.

మామగారికి అర్థమైంది. "అది మేత లెక్కండి, మూసెయ్యండి బాబుగారూ."

"మేతకి 116 ఏంటి బావా?" అన్నారు పెదమావగారు, ముందుకి వంగి. "రెండో గడిలో 5116 ఉందే."

ఎవరూ మాట్లాడలేదు. ఎవరి అంకె వాళ్లకి తెలుసు.

భోగి నాటి తిట్లు ఇంకా చెవుల్లో ఉన్న బావమరిది అప్పుడు అందుకున్నాడు. ఫొటోరెక్ ఫాంటు ఫైళ్లని కూడా తీస్తుందట, పాత సి డ్రైవ్‌వి నాలుగు దొరికాయట. అన్నీ కాపీ చేసి, హోమ్‌లో దాగి ఉండే డాట్ లోకల్, అందులో షేర్, అందులో ఫాంట్స్ ఫోల్డర్లో వేశాడు. ఎక్సెల్ ఫైళ్లు తెరిచే లిబ్రే ఆఫీస్ మూసి మళ్లీ తెరిస్తేగాని కొత్త ఫాంటు కనపడదు. మూశాడు. తెరిచాడు.

తెలుగు ముత్యాల్లా వచ్చింది. పైన శీర్షికలు: పేరు, వచ్చినది, మనం పెట్టినది. అల్లుడు, ఇన్నాళ్లకి ఒక పని కలిసొచ్చిందన్న సంతోషంలో, మొదటి వరస నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. పెదమావగారు కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, జేబులో పెట్టుకున్నారు.