సీటీ గదికి రాత్రి తాళమా?

ఏటా అక్టోబరు 29న పక్షవాత దినం. ఆస్పత్రి గోడలకు పోస్టర్లు, కూడలిలో ర్యాలీ, ప్రతి నిమిషం విలువైనదేనంటూ ఉపన్యాసాలు. అదే రాత్రి పదకొండింటికి మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయిన మనిషిని తీసుకొస్తే సీటీ గదికి తాళం ఎదురయ్యే ఆస్పత్రులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. టెక్నీషియన్ పొద్దున తొమ్మిదికి వస్తాడట. అప్పటిదాకా ఆ మెదడు ఆగదు.

శరీర బరువులో మెదడు 2 శాతమే. వాడుకునే ప్రాణవాయువు మాత్రం 20 శాతం. పెద్ద రక్తనాళం పూడితే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని నిపుణుల లెక్క. పక్షవాతాల్లో ఎక్కువ భాగం నాళానికి గడ్డ అడ్డుపడి వచ్చేవే. మిగిలినవి నాళం చిట్లి వచ్చేవి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి: చెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తుంది. ఏది ఏదో స్కాన్ తీయకుండా ఎంత అనుభవమున్న వైద్యుడైనా కచ్చితంగా చెప్పలేడు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ చిట్లిన నాళమున్న మనిషికి పడితే ప్రాణాలే పోవచ్చు. అందుకే గది తాళం తీయనంతవరకు అల్మారాలో మందు ఉన్నా లేనట్టే.

ఆ మందు ఆల్టెప్లేస్. కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. పదో వంతు ఒక్క నిమిషంలో, మిగతాది గంటసేపు ఎక్కించాలి. అంతకుముందే బీపీని 185/110 లోపుకి దించాలి. షుగర్ చూడాలి, ఎందుకంటే అది బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది. ఇదంతా నాలుగున్నర గంటల్లోపు మొదలైపోవాలి. ఆ గడియారం ఆస్పత్రి గుమ్మం దగ్గర మొదలు కాదు. మనిషి చివరిసారి మామూలుగా కనిపించినప్పుడే మొదలవుతుంది. రాత్రి పదికి పడుకుని, ఐదింటికి చెయ్యి కదలని స్థితిలో లేచినవారికి లెక్క పది నుంచే. ప్రత్యేక స్కాన్లున్న పెద్దాస్పత్రిలో తప్ప వారికి ఆ ఇంజెక్షన్ దక్కదు.

ఇక రిఫరల్ చీటీలు చూడండి. 'పక్షవాతం, పెద్దాస్పత్రికి పంపడమైనది' అని ఒక్క ముక్క రాసి, ఎన్నింటికి మొదలైందో రాయకుండా పంపేస్తే అవతలి వైద్యుడు ఏం చేయాలి? చీటీ పట్టుకొచ్చిన పక్కింటాయనకు ఆ సంగతి తెలియదు. టైము తెలియకపోతే ఇంజెక్షన్ లేదు. చీటీ మీద ఒక్క అంకె రాయకపోవడం వల్ల మనిషి జన్మంతా మంచానపడటం మేం ఒప్పుకోలేం.

సిబ్బంది చాలరు, ప్రతి జిల్లాకూ న్యూరాలజిస్టును ఎక్కణ్నుంచి తెస్తామంటారు అధికారులు. కొరత నిజమే. అయినా 2014లో హిమాచల్ ప్రదేశ్ జిల్లా ఆస్పత్రుల్లోని మామూలు వైద్యులకు శిక్షణనిచ్చింది. ఫోన్‌లో స్కాన్ చిత్రాలు చూసి నిపుణులు సలహా చెప్పే ఏర్పాటు చేసింది, మందు ఉచితంగా ఇచ్చింది. కొండదారుల రాష్ట్రానికి సాధ్యమైంది, 2005లోనే 108ని నడిపి చూపించిన మనకెందుకు కాదు? ఆ 108 దగ్గరి ఆస్పత్రికి కాదు, ఆ గంటలో స్కాన్ తీయగల దగ్గరి ఆస్పత్రికి వెళ్లాలి. ఏ గది తెరిచి ఉందో డ్రైవర్‌కు ముందే తెలియాలి.

ఇళ్లలోనూ టైము పోతోంది. పసరు మందని ఊళ్లు తిరగడం, వాట్సాప్‌లో వచ్చిందని వేళ్ల చివర సూదితో గుచ్చడం. నోట్లో నీళ్లు పోయకండి, మింగడం చెడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ ఇవ్వకండి. పది నిమిషాల్లో సర్దుకుందని ఊరుకోకండి, తర్వాతి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం. కానీ జనాన్ని తప్పుపట్టే ముందు ప్రభుత్వం తన తాళం తీయాలి. తొందరగా రండి అని పిలిచి గుమ్మంలో కూర్చోబెట్టడం మోసం.

వచ్చే పక్షవాత దినానికి పోస్టర్లు అచ్చువేయించే అధికారులు ముందురోజు రాత్రి పదకొండింటికి తమ జిల్లాలోని సీటీ గది దగ్గరికి వెళ్లి చూడాలి. తాళం కనిపిస్తే ఆ పోస్టర్లు అంటించొద్దు.