డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొక్కెం గారికి ఒక విన్నపం

కంప్యూటర్‌ని మానిటర్‌కి కలిపే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొసన కొలువైన మహారాజశ్రీ కొక్కెం గారి దివ్య సముఖమునకు, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర డీటీపీ షాపు నడుపుకుంటున్న అల్పుడు రాయు విన్నపము. ఇక్కడ అందరం క్షేమం, తెరకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు తప్ప.

నిన్న ఆయుధపూజ. సీపీయూకి బొట్టు పెట్టాలంటే ముందు దుమ్ము దులపాలి కదా! పవర్ వైరు వచ్చింది, మౌసు వచ్చింది, కీబోర్డు వచ్చింది. తమరు రాలేదు. తమరి నెత్తి మీద బటన్ నొక్కితే కొక్కేలు రెండూ కిందికి దిగి పట్టు వదులుతాయని నాకు తెలుసు. కానీ ఆ బటన్ కేబినెట్ రేకు వైపు తిరిగి కూర్చుంది. ఆ సందులో అట్లకాడ దూరుతుందేమో గానీ వేలు దూరదు. టేబుల్ కింద పడుకుని, ఫోన్ లైటు నోట కరుచుకుని, స్కేలుతో నొక్కాను, దువ్వెనతో నొక్కాను.

"ఏటి మావయ్యా, రాదేటి? గట్టిగా లాగీ" అని మా మేనల్లుడే లాగాడు.

దయచేశారు తమరు. తమరు దూరే పోర్టుని కూడా కార్డు నుంచి పెకలించి వెంటబెట్టుకుని.

మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఊరంతా ఫ్లెక్సీలు నా దగ్గరే వేయించుకుంటుంది. నేను మాత్రం మధ్యాహ్నమంతా కార్డు పట్టుకుని రిపేరు షాపు బల్ల మీద కూర్చున్నాను. "ఏటి బాబూ, ఇలా పీకీసేరు?" అన్నాడతను. పండగయ్యాక రమ్మన్నాడు.

తమర్ని ఇంటికి తెచ్చుకున్న పాపం నాదే, ఒప్పుకుంటాను. అంతకుముందు వాడిన హెచ్‌డీఎంఐ కేబుల్‌కి 19 పిన్నులున్నా పట్టు లేదు, ఒరుసుకుని నిలబడటమే. వచ్చినవాళ్ల మోకాలు తగిలితే చాలు, తెర నల్లబడేది. "మా అన్న ఫొటో ఏదండీ?" అని కార్యకర్తలు కంగారుపడేవారు. ఆ టెన్షన్ పడలేక తమరిని కొన్నాను.

1987లో వచ్చిన పాతకాలం వీజీఏ మానిటర్ కేబుల్‌కి దాపరికం లేదు. రెండు స్క్రూలు, కళ్లెదురుగా. ఒక్కోసారి స్క్రూతోపాటు పెట్టెకున్న నట్టు కూడా ఊడొచ్చేది, నిజమే. తిప్పి మళ్లీ బిగించేవాళ్లం. ఎవరి కార్డూ చావలేదు.

అసలు నిన్ను తగిలించమని అడిగిందెవరు? డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలోనే లాక్ తప్పనిసరి కాదు, ఇష్టముంటే పెట్టుకోవచ్చు అని ఉంది. మినీ డిస్‌ప్లేపోర్ట్ నువ్వు లేకుండానే బతుకుతోంది. గోడకి బిగించిన మానిటర్ వెనకాల, పోర్టు నేల చూపు చూసేచోట, కేబుల్ బరువుకి జారిపోకుండా నువ్వుండు, కాదనను. నెలకోసారి పీకే సీపీయూ దగ్గర నీకేం పని? సిరిమాను అనే పొడుగాటి మాను చివర పూజారి గారు కూర్చునే ఆసనాన్నీ గట్టిగానే కడతారు. ఉత్సవం అయ్యాక ఆయన్ని దింపుతారు కదరా నాయనా!

ప్రస్తుతం మదర్‌బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐతో నడిపిస్తున్నాను. కేబుల్ జారకుండా పురికొసతో టేబుల్ కోడుకి కట్టాను. జూట్ మిల్లులకి పేరుపడ్డ ఊళ్లో పురికొసకి కరువా? ముడి కనబడుతూనే ఉంది, రెండు వేళ్లతో విప్పొచ్చు. బొమ్మ మాత్రం నత్తలా కదులుతోంది.

తమరిని మేకుకి వేలాడదీశాను. పోర్టు ముక్కని ఇంకా వదల్లేదు తమరు. సీపీయూకని కలిపిన కుంకుమ మిగిలిపోతే, మావాడు తమరికే బొట్టు పెట్టాడు.