బీరువా పక్షాన ఒక విన్నపం

తరగతి గదిలో గ్రంథాలయం ఉండాలన్న ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. గోడవారగా ఒక బీరువా, దానికొక తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ ఇదమిత్థంగా తెలియని ఏర్పాటు ఉంటే చాలు, గ్రంథాలయం ఉన్నట్టే. కానీ ఈ మధ్య కొందరు ఉత్సాహవంతులు అరలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలనీ, పుస్తకాలను ముఖచిత్రం కనబడేలా నిలబెట్టాలనీ, కథలకొక బుట్ట, జంతువుల పుస్తకాలకొక బుట్ట పెట్టి వాటికి బొమ్మలు అతికించాలనీ, మూలన ఒక చాప, నాలుగు దిండ్లు వేయాలనీ బోధిస్తున్నారు. ముఖచిత్రం కనబడితే పిల్లవాడు చేయి చాస్తాడు. చాచినవాడు పుస్తకం తీస్తాడు. తీసినవాడు తెరవకుండా ఉంటాడన్న పూచీ ఎవరిది?

ఈ ప్రమాదాన్ని పూర్వులు ఏనాడో పసిగట్టారు. మధ్యయుగాల ఐరోపాలో విలువైన పుస్తకాలను అరలకు ఇనుప గొలుసులతో బంధించేవారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో అలాంటి గ్రంథాలయం నేటికీ ఉంది. గొలుసును అట్ట ముందంచుకు తగిలించేవారు కనుక పుస్తకం వీపు లోపలికి, కాగితాల అంచు బయటికి ఉండేలా పేర్చేవారు. ఎంత ముందుచూపు! అయితే నిష్పాక్షికంగా చెప్పాలంటే ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది: గొలుసు బల్ల దాకా వచ్చేది, కాబట్టి కూర్చుని చదువుకోవడానికి వీలుండేది. మన బీరువా ఆ లోపాన్ని సవరించింది.

గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్న మొదటి సూత్రం వారు ఏ స్టాకు రిజిస్టరుకూ జవాబుదారీ వహించకుండా రాసినట్టుంది. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్న నాలుగో సూత్రాన్ని మాత్రం మనం అక్షరాలా పాటిస్తున్నాం. బీరువా తెరవకపోతే అతని సమయమంతా ఆదాయే. గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అన్న అయిదో సూత్రాన్ని చెదపురుగులు మనకన్నా బాగా అర్థం చేసుకున్నాయి.

ఒకవేళ తనిఖీ భయంతో పుస్తకం ఇవ్వక తప్పకపోతే నిస్పృహ చెందనక్కరలేదు. చదివిన ప్రతి కథకూ సారాంశం, పాత్రల స్వభావం, నీతి, పది కొత్త పదాలకు అర్థాలు రాయించి మార్కులు వేయండి. రెండో పుస్తకం అడిగేవాడుండడు. పిల్లవాడు ఎంచుకున్నదాన్ని లాక్కుని, ఇది నీ స్థాయికి తక్కువ అనో ఎక్కువ అనో చెప్పి వేరొకటి చేతిలో పెట్టడం కూడా మంచి ఫలితమే ఇస్తుంది. బొమ్మల కథలను అసలు పుస్తకాల కిందే లెక్కించకండి. అంచు నలిగితే జరిమానా వేయండి. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేసే అలవాటును మాత్రం మొగ్గలోనే తుంచాలి, ఎందుకంటే వదిలేసినవాడు నచ్చేది వెతుక్కుంటాడు. ఉపాధ్యాయుడు తానూ పిల్లల మధ్య కూర్చుని తన పుస్తకం చదువుకోవాలన్న సలహా వీటన్నిటికంటే విపరీతమైనది. చూసి నేర్చుకోవడంలో పిల్లలంత ప్రమాదకరమైనవారు లేరు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, వెనక బెంచీలో అట్ట ఊడిపోయిన పుస్తకమొకటి పాఠ్యపుస్తకం మాటున చేతులు మారుతూనే ఉంటుంది. దాన్ని వెంటనే స్వాధీనం చేసుకుని, అట్ట వేయించి, నంబరు కొట్టించి, రిజిస్టరులో ఎక్కించి బీరువాలో పెట్టించండి. మర్నాటి నుంచి దాని జోలికి ఎవరూ రారు.