బురదలో బతికే దిక్సూచులు

గాజు సీసాలో సగం దాకా చెరువు బురద, పైన అదే చెరువు నీళ్లు. బురద మట్టానికి కాస్త పైన, బయటి నుంచి అయస్కాంతం ఆనించి ఓ గంట వదిలేయండి. అక్కడి నీటిబొట్టు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి, పక్కన అయస్కాంతం ఉంచితే, సన్నటి నలుసులు, అంటే ఒక రకం బ్యాక్టీరియా, ఈదుకుంటూ వచ్చి బొట్టు అంచున గుమిగూడతాయి. అయస్కాంతాన్ని తిప్పితే గుంపంతా గిరుక్కున వెనక్కి మళ్లుతుంది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వుడ్స్ హోల్ దగ్గరి బురదలో ఈ బ్యాక్టీరియాను చూసి, 1975లో లోకానికి చెప్పింది రిచర్డ్ బ్లేక్‌మోర్. ఇటలీలోని పావియాలో సాల్వటోరె బెల్లిని 1963లోనే ఇదంతా చూశారు. ఇటాలియన్‌లో రాసుకున్న ఆ మాట ఏళ్ల తరబడి బయటికి రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

వీటి ఒంట్లో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజం స్ఫటికాలుంటాయి, కొన్నిట్లో గ్రెయిగైట్ అనే ఇనుము-గంధకం ఖనిజం. ఒక్కోటి సుమారు 35 నుంచి 120 నానోమీటర్లు. ఇంకా చిన్నవైతే అయస్కాంత గుణం నిలవదు, పెద్దవైతే లోపలి అయస్కాంతత్వం వేర్వేరు దిక్కుల భాగాలుగా చీలి బలం తగ్గుతుంది. పూసల దండలా వరసగా ఉంటాయి కాబట్టి దండంతా ఒకే సూదిలా పనిచేస్తుంది. అయస్కాంతం వాటిని లాగేస్తుందనుకోవడం పొరపాటు. అది మళ్లిస్తుందంతే, ఈత వాటిదే. చచ్చిన కణం కూడా అటు తిరుగుతుంది, కదలదు.

ఉత్తరార్ధగోళంలో అయస్కాంత రేఖలు ఉత్తరానికి పోతూ భూమిలోకి దిగుతాయి. ఉత్తరం పట్టుకుంటే వీటికి కావలసిన, ఆక్సిజన్ తక్కువున్న బురద దొరుకుతుందని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట. నా దృష్టిలో ఇది సగం నిజమే. రేఖలు నేలకు సమాంతరంగా పోయే చోటును అయస్కాంత భూమధ్యరేఖ అంటారు. అప్పట్లో దానికి దగ్గరున్న బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో ఉత్తరానికి పోయేవీ, దక్షిణానికి పోయేవీ రెండూ దొరికాయి. 2006లో అదే మసాచుసెట్స్‌లో, ఉప్పునీటి మడుగులో, దక్షిణం పట్టేవి కూడా బోలెడన్ని బయటపడ్డాయి. అంటే రేఖ దారి మాత్రమే. ఆ దారిలో ఎక్కడ ఆగాలో చెప్పేది ఆక్సిజన్.

ఆ అయస్కాంత భూమధ్యరేఖ కేరళలోని మన తుంబా పక్కనుంచే పోతుంది. రాకెట్ కేంద్రం అక్కడ పెట్టింది అందుకే. మన తెలుగు నేల దానికి కాస్త ఉత్తరాన ఉంది, ఇక్కడ రేఖల వాలు తక్కువ. ఉత్తరం అంటే అడుగు అనే లెక్కను పరీక్షించడానికి కొల్లేరు కంటే మంచి చోటు ఏముంటుంది? మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబ్ చాలు. ఒక్క జాగ్రత్త: అయస్కాంతం ఒక ధ్రువాన్నే ఆనిస్తే ఒక రకమే వచ్చి చేరుతుంది. రెండు సీసాలు పెట్టి, ఒకదానికి ఉత్తర ధ్రువం, రెండోదానికి దక్షిణ ధ్రువం ఆనించి, రెండు బొట్లూ లెక్కపెట్టాలి.