వానాకాలంలో పావురాల గూడు మూసేయమంటున్న మెసేజ్‌కి ఒక్కో మాటకీ జవాబు

నైరుతి పట్టుకుందంటే చాలు, పావురాలు పెంచేవాళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈ ఏడు కూడా మొదలైంది, శ్రీకాకుళం వాళ్ళూ విజయనగరం వాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు నాకు పంపి "అన్నా, ఇది నిజమేనా" అని అడుగుతూనే ఉన్నారు. అందులో ఉన్నది ఇదీ: వానాకాలంలో పావురాలు చచ్చేది చల్లగాలికి, కాబట్టి గూడు చుట్టూ టార్పాలిన్ బిగించి గాలి చొరకుండా చెయ్యాలి. రాత్రంతా లోపల పెద్ద బల్బు వెయ్యాలి, కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెట్టాలి. నేల మీద సున్నం చల్లి, పైన నాలుగంగుళాలు సముద్రపు ఇసుక పొయ్యాలి. రోజూ ఫినాయిల్ నీళ్ళతో కడగాలి. వారానికోసారి తాగే నీళ్ళలో యాంటీబయాటిక్ కలపాలి.

పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారు, అందులో సందేహం లేదు. కానీ ఇందులో చెప్పిందంతా చేసిన గూడు, ఏమీ చెయ్యని గూడు కంటే ఎక్కువ తడిగా ఉంటుంది. ఎందుకో చెప్తాను.

ముందు టార్పాలిన్ సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి. గూట్లో తడి అంతా బయట వానలోంచే వస్తుందని ఈ మెసేజ్ రాసినాయన అనుకున్నాడు. ఒక పావురం రోజుకి సుమారు 30 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్ళు తాగుతుంది. ముప్పై పావురాలుంటే లీటరు పైమాటే. ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? రెట్టలోనూ ఊపిరిలోనూ మళ్ళీ గూట్లోకే వస్తుంది. అంటే మనం రోజూ లీటరు నీళ్ళు లోపల కుమ్మరిస్తున్నట్టే లెక్క. అది ఆవిరై బయటికి పోవాలంటే గాలి ఆడాలి, గాలి ఆపేస్తే ఆ నీరు ఎక్కడికీ పోదు. నమ్మకం లేకపోతే తెల్లవారుజామున టార్పాలిన్ కట్టిన గూట్లోకి వెళ్ళి, పైకప్పు రేకు అడుగున వేలితో గీసి చూడండి. వేలు తడుస్తుంది. బోల్టులు దిగిన చోటల్లా బొట్లు వేలాడుతుంటాయి, సరిగ్గా వాటి కింద, పావురాలు కూర్చునే దండెం మీద నల్లటి మరక ఉంటుంది. రాత్రి చినుకు పడకపోయినా అంతే, ఎందుకంటే అది వాన నీరు కాదు, పక్షులు వదిలిన ఆవిరే చల్లటి రేకుకి తగిలి నీరైంది. తర్వాత పావురం నిలబడే ఎత్తుకి కిందికి వంగి ఒకసారి ఊపిరి పీల్చండి. కళ్ళు మండితే అది అమ్మోనియా. తడి రెట్టలో పుట్టే ఆ వాయువు పావురాల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, జలుబు, గురక, కంటి నీరు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇక చల్లగాలి మాట. శ్రావణ భాద్రపదాల్లో మన దగ్గర రాత్రి వేడి 25 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, అది ఎదిగిన పావురానికి చలే కాదు. ఈకలు పొడిగా ఉన్న పక్షి చలిని ఓర్చుకుంటుంది, తడిసిన ఈకల మీద నేరుగా గాలి కొడితేనే ప్రమాదం. కాబట్టి గాలిని ఆపక్కర్లేదు, అది పక్షి మీదుగా పోకుండా దారి మళ్ళిస్తే చాలు. దండేల కంటే కింద ఒక సందు, చూరు కింద పైన ఒక సందు. చల్లగాలి కింద నుంచి వచ్చి, వేడెక్కి ఆవిరితో పాటు పైనుంచి పోతుంది, మధ్యలో కూర్చున్న పక్షికి తగలదు. సందులకి సన్న మెష్ కొట్టండి, పావురాలకి మశూచి అంటించేది ఎక్కువగా దోమలే. వాన జల్లు కొట్టకుండా రేకుని గోడ దాటి రెండు మూడు అడుగులు ముందుకి లాగండి. మన తీరంలో పాత చుట్టిళ్ళు చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు, తాటాకు చూరు వంగితే గానీ లోపలికి పోలేనంత కిందికి దిగేది, అరుగు ఎత్తుగా ఉండేది, ఎంత జల్లు కొట్టినా లోపల గోడ తడిసేది కాదు. నైరుతి వాన ఎక్కువగా నైరుతి వైపు నుంచే కొడుతుంది కాబట్టి గూడు ముఖం తూర్పుకి పెడితే పొద్దున్నే ఎండ కూడా పడుతుంది.

టార్పాలిన్ అసలు వద్దని నేననడం లేదు. అక్టోబర్‌లో తుపాను వస్తే గాలీ వానా తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి తిరగబడతాయి, అప్పుడు ముందు వైపు దించాల్సిందే. చుట్టి పెట్టుకునేలా కట్టుకోండి, గండం గడవగానే పైకెత్తండి. దాన్ని నాలుగు నెలలూ బిగించి ఉంచితే లోపల చెమ్మ చేరడమే కాదు, గాలికి తెరచాపలా ఉబ్బి గూటినే లాక్కుపోతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లే నిలబడలేదు.

బల్బు. గాలి వేడెక్కితే ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, అంతవరకు నిజమే. కానీ ఆ గాలి బయటికి పోయే దారే లేనప్పుడు, మోసిన ఆవిరిని తీసుకెళ్ళి రేకు మీదే దించుతుంది. పైగా రాత్రంతా వెలుతురుంటే పక్షులకి నిద్ర ఉండదు. కుంపటి విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, దయచేసి పెట్టకండి. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు, పక్షులు మనుషుల కంటే ముందే పోతాయి. మేడ మీద గూటిని ఆనుకుని పిల్లలు పడుకునే గది ఉన్న ఇళ్ళు నాకు తెలుసు.

సున్నం. తడి పీల్చేది రాళ్ళ సున్నం. అది తన బరువులో మూడో వంతు నీటిని పీల్చుకుని కుతకుతలాడే వేడి పుట్టిస్తుంది, పక్షి కాలికీ కంటికీ తగిలితే కాలుతుంది. కొట్లో పొడిగా అమ్మేది అప్పటికే నీళ్ళు తాగేసిన సున్నం, అది ఇంకేం పీల్చదు. పైగా సున్నం కలిసిన రెట్టలోంచి అమ్మోనియా ఇంకా తొందరగా లేస్తుంది. వానలకి ముందు గోడలకి వెల్ల వేసుకోండి, అది మంచిదే, నేల మీద చల్లకండి.

సముద్రపు ఇసుక మాట చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వైపు వాళ్ళకి అది ఊరికే దొరుకుతుంది కాబట్టి తప్పకుండా పోస్తారు. అందులో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరు లాక్కుంటుంది, వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది అందుకే. మన తీరంలో ఆ నెలల్లో తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే ఆ ఇసుక ఎప్పటికీ ఆరదు. పావురాలు ఇసుక ఏరుకుని తింటాయి కూడా, ఉప్పు ఎక్కువైతే విషమే. కావాలంటే నాగావళి ఇసుకో వంశధార ఇసుకో జల్లించి, ఎండబెట్టి, పల్చగా వేసుకోండి, తడిసినప్పుడల్లా మార్చండి. నాలుగంగుళాలు పోస్తే పైన పొడిగా కనిపిస్తూ అడుగున ముద్దగా ఉంటుంది, పేగుల జబ్బు తెచ్చే కాక్సిడియా క్రిములు ముదిరేది ఆ వెచ్చటి తడిలోనే. అన్నిటికంటే మేలు ఏమిటంటే, నేల నుంచి అడుగున్నర ఎత్తులో వెదురు బద్దలో గట్టి మెష్షో పరవండి, రెట్ట కిందికి రాలిపోతుంది, పక్షి కాలు దాన్ని తొక్కదు.

రోజూ కడగమనడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వానలో తడి ఆరక బాధపడుతుంటే ఇంకో బకెట్టు నీళ్ళు పొయ్యమన్నట్టే. ఫినాయిల్ ఘాటు పక్షి ఊపిరికి పడదు. పాత తాపీతో పొడిగా గీకి తీసెయ్యండి, ముసురు పట్టిన రోజుల్లో రెండు పూటలా. ముక్కుకి మాస్కు తప్పనిసరి, ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చిన వాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు.

వారం వారం యాంటీబయాటిక్ కూడా వద్దు. వానాకాలంలో వచ్చే కాక్సిడియా, గొంతులో పసుపు పొక్కులొచ్చే క్యాంకర్, బూజు వల్ల వచ్చే ఊపిరి జబ్బు, ఈ మూడిట్లో ఒక్కటీ బాక్టీరియా వల్ల వచ్చేది కాదు. ఊరికే వాడితే కడుపులో ఉండే మంచి క్రిములు పోయి బూజు ఇంకా బలపడుతుంది. పక్షి ముడుచుకుని కూర్చుంటే రెట్ట పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళండి, మైక్రోస్కోపు కింద చూసి చెప్తారు.

ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా లేనిది గింజల గురించి. గూడు ఎంత పొడిగా ఉన్నా బస్తా గోడకి ఆనించి ఉంటే అంతా వృథా. మొక్కజొన్నకీ వేరుశనగకీ చెమ్మ తగిలితే పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని తినేస్తుంది. కడిగినా వేయించినా పూర్తిగా పోదు. గింజ పంటి కింద పెట్టి కొరకండి, టక్కుమని విరిగితే పొడిగా ఉన్నట్టు, మెత్తగా నలిగితే కొనకండి. గంటెలైనా (సజ్జలు) చోళ్ళైనా (రాగులు) వానాకాలంలో రెండు వారాలకి సరిపడా మాత్రమే తెచ్చుకుని, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పోసి, డబ్బా కింద రెండు చెక్కలు పెట్టండి.

ఇప్పటికే నాలుగు వైపులా గోడలు కట్టేశాం, ఏం చెయ్యమంటారు అని అడిగేవాళ్ళున్నారు. తూర్పు గోడలో దండెం కంటే కింద వరసగా రెండు మూడు ఇటుకలు తీయించండి, ఎదురుగోడలో చూరు కింద అంతకంటే ఒక ఇటుక ఎక్కువ తీయించండి. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ రేకు అడుగున వేలు పెట్టి చూడండి. ఇంకా తడుస్తుంటే గూట్లో పక్షులు ఎక్కువైనట్టు, కొన్నిటిని వేరే చోటికి మార్చాలి.