షెడ్డులో సంసారం

(విశ్వనాథం, సుభద్ర భార్యాభర్తలు. ఇద్దరికీ మోటార్‌సైకిళ్లంటే ప్రాణం. కాకపోతే ఆయన ప్రాణం బ్యాటరీలోనూ, ఆవిడ ప్రాణం పెట్రోలు ట్యాంకులోనూ ఉన్నాయి. షెడ్డులో రెండు బండ్లూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఎవరి బండి మీద వాళ్లు కలిసి ప్రయాణం చేయాలన్నది ఒప్పందం. హెల్మెట్లు చేతిలోకి వచ్చాయి కానీ తల మీదికి ఇంకా ఎక్కలేదు.)

సుభద్ర: ఏమండీ, మనం వెళ్లవలసింది 160 కిలోమీటర్లు. మీ బండి ఎంత దూరం వస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోట నేను ఎంతసేపు చెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలో ముందే సెలవిస్తే బాగుంటుంది.

విశ్వనాథం: బ్యాటరీ బండి కొన్నవాడు కనబడితే చాలు, పెట్రోలు బండి వాళ్లందరూ మొదట అడిగేది ఈ ప్రశ్నే. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరగనివాళ్లు కూడా రేపో ఎల్లుండో ఖండం దాటబోతున్నట్లు అడుగుతారు.

సుభద్ర: నేను ఖండం దాటడం లేదు, మా అక్కయ్య ఇంటికి వెళుతున్నాను. పోయినసారి మీరు ఛార్జింగ్ కోసం ఆగిన పుణ్యాన, మనం గుమ్మంలో అడుగుపెట్టేసరికి వాళ్లు భోజనాలు ముగించి చేతులు తుడుచుకుంటున్నారు.

విశ్వనాథం: ఆ ఆలస్యానికి కారణం నా బ్యాటరీ కాదు, నీ తొందర. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దాన్ని చీల్చుకుని పోవడానికి క్షణక్షణం కావలసిన శక్తి ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే క్షణానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. నువ్వు ముందు దూసుకుపోతుంటే, వెనకబడడం నామోషీ అనిపించి నేనూ యాక్సిలరేటర్ తిప్పాను. ఛార్జింగ్ హారతి కర్పూరంలా హరించుకుపోయింది.

సుభద్ర: ఆ గాలి నా బండికి తగలలేదా? అయినా నా బండి ఊళ్లో కంటే హైవే మీదే ఎక్కువ మైలేజీ ఇస్తుంది. మీ బండి ప్రతాపమంతా ఊళ్లో ఉన్నంతసేపే. 2019లో హార్లే డేవిడ్‌సన్ వాళ్లు తెచ్చిన లైవ్‌వైర్ అనే బ్యాటరీ బండినే తీసుకోండి. ఊళ్లో 235 కిలోమీటర్లు వస్తుందన్నారు, హైవే కూడా కలిపి లెక్క వేసేసరికి అది 153కు దిగింది. ఇది గిట్టనివాళ్లు చెప్పిన మాట కాదు, తయారుచేసినవాళ్లే చెప్పిన లెక్క.

విశ్వనాథం: నీ బండి హైవే మీద పొదుపు చేయడం లేదు సుభద్రా, ఊళ్లో దుబారా చేస్తోంది. సిగ్నల్ దగ్గర నిలబడినా తాగుతూనే ఉంటుంది, బ్రేకు వేసిన ప్రతిసారీ కష్టపడి సంపాదించిన వేగాన్నంతా వేడి చేసి గాలిలో కలిపేస్తుంది. నా బండిలో యాక్సిలరేటర్ వదలగానే మోటారే జనరేటరుగా మారి, ఆ వేగంలో కొంత తిరిగి బ్యాటరీలో జమ చేస్తుంది. ఒకచోట విచ్చలవిడిగా ఖర్చు పెట్టి, మరొకచోట పొదుపరిగా కనిపించడం బండి గుణమో, యజమానురాలి గుణమో నేను చెప్పను.

సుభద్ర: చెప్పేశారు.

(ఈ ఒక్క విషయంలో న్యాయం విశ్వనాథం వైపే ఉందని ఈ రచయిత అభిప్రాయం. ఆ మాట సుభద్ర ఎదుట అనగలిగిన ధైర్యం మాత్రం రచయితకూ లేదు.)

సుభద్ర: సరే, ట్యాంకు సంగతి చూద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. లైవ్‌వైర్‌లో ఉన్న అంత పెద్ద బ్యాటరీ 15.5 కిలోవాట్ అవర్లు. అంటే నిండా ఛార్జింగ్ పెట్టినా అది రెండు లీటర్ల పెట్రోలుకు సరితూగదు. ట్యాంకులో రెండు లీటర్లయినా లేకుండా దూరప్రయాణానికి బయలుదేరే ధీరుణ్ణి నేను మీలోనే చూశాను.

విశ్వనాథం: ఆ లెక్క నువ్వే చెప్పినందుకు సంతోషం, నేను చెబితే నమ్మేదానివి కాదు. రెండు లీటర్లకు తక్కువైన ఆ శక్తితోనే అది ఊళ్లో 235 కిలోమీటర్లు తిరుగుతోంది. నీ బండిలో రెండు లీటర్లు పోసి పంపిస్తే ఏ మలుపులో నిలబడి నాకు ఫోన్ చేస్తావో ఆలోచించు. నీ ఇంజిన్ తాగిన పెట్రోలులో చక్రానికి అందేది పావు వంతు అటూ ఇటూ. మిగిలినదంతా సైలెన్సర్ గుండా, ఇంజిన్ రెక్కల మీదుగా వేడిగా పోతుంది. మొన్న నీ పిక్క చుర్రుమన్నది ఆ ముప్పాతిక వంతు వల్లనే.

సుభద్ర: కాలింది నా పిక్క, మీరు బాధపడకండి. ఎంత వృథా అయినా నేను ఐదు నిమిషాలలో ట్యాంకు నింపుకుని బయటపడతాను. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆ లైవ్‌వైర్‌కు ఎంతసేపు పడుతుంది?

విశ్వనాథం: 80 శాతానికి 40 నిమిషాలు.

సుభద్ర: మిగిలిన 20 శాతానికి?

విశ్వనాథం: (గొంతు తగ్గించి) ఇంకో 20 నిమిషాలు.

సుభద్ర: అదేమిటండీ, చివరికి వచ్చేసరికి మీ బండికీ బద్ధకం పుడుతుందా?

విశ్వనాథం: బద్ధకం కాదు, జాగ్రత్త. బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తగ్గించకపోతే సెల్స్ దెబ్బతింటాయి. అందుకే తెలిసినవాళ్లెవరూ నిండేదాకా కూర్చోరు. 80 దాటగానే ప్లగ్గు పీకేసి బయలుదేరడమే విజ్ఞత.

సుభద్ర: ఈ మాట గుర్తు పెట్టుకుంటాను.

విశ్వనాథం: పెట్టుకో. దాంతోపాటు ఇంకొకటి కూడా పెట్టుకో. 2019లో బ్రిటన్ దగ్గరున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ అనే మోటార్‌సైకిల్ పందెంలో మైకేల్ రట్టర్ అనే ఆయన, జపాన్ కంపెనీ ముగెన్ వాళ్ల బ్యాటరీ బండి మీద, రాతి గోడల మధ్య నుంచి, కొండ మీదుగా సాగే 60 కిలోమీటర్ల పైచిలుకు దారిని గంటకు సగటున 196 కిలోమీటర్ల వేగంతో చుట్టి వచ్చాడు.

సుభద్ర: ఎన్ని చుట్లు?

విశ్వనాథం: సగటు వేగం 196 సుభద్రా, గరిష్ఠ వేగం కాదు.

సుభద్ర: ఎన్ని చుట్లని అడిగాను.

విశ్వనాథం: ఒకటి.

సుభద్ర: అదే దారిలో పెట్రోలు బండ్ల సీనియర్ టీటీకి ఆరు చుట్లు.

విశ్వనాథం: రెండేసి చుట్లకు ఒకసారి ఆగి పెట్రోలు పోయించుకుంటారన్నది కూడా కలుపు, సత్యం సంపూర్ణమవుతుంది.

సుభద్ర: సంపూర్ణ సత్యం కావాలా? బ్యాటరీ బండ్ల కోసం 2019లో మొదలుపెట్టిన మోటోఈ పందేలను 2025 సీజన్‌తో ఆపేశారు. అందులో డుకాటీ వాళ్లు దింపిన బండి మొత్తం బరువు 225 కిలోలైతే, ఒక్క బ్యాటరీ బరువే 110 కిలోలు. అసలు కష్టం ఇక్కడే ఉందండీ. కారులో అయితే ఎంత బ్యాటరీనైనా నేల కింద పరుపులాగా పరిచేసి, పైన నలుగురినీ కూర్చోబెట్టి, ఏమీ ఎరగనట్లు నడుపుకోవచ్చు. మోటార్‌సైకిలుకు నేల ఎక్కడుంది? మన రెండు మోకాళ్ల మధ్య ఎంత పడితే అంతే. ఎక్కువ దూరం కావాలంటే ఎక్కువ బ్యాటరీ పెట్టాలి, పెడితే బరువు, ఆ బరువును మలుపులో వంచాలి, మళ్లీ లేపాలి.

(విశ్వనాథం కొంచెంసేపు మాట్లాడలేదు. బండిని మొదటి రోజు స్టాండు వేయబోయి, సుభద్ర చెయ్యి కూడా పడితే తప్ప నిలబెట్టలేకపోయిన సంగతి ఆయనకు జ్ఞాపకం వచ్చి ఉంటుంది.)

విశ్వనాథం: 1885లో జర్మనీలో డైమ్లర్ అనే ఆయన తయారుచేసిన మొట్టమొదటి పెట్రోలు బండి కట్టెతో చేసినది. దాన్ని ఆయన కొడుకు నడుపుతుంటే కింద ఉన్న ఇంజిన్ వేడికి సీటు అంటుకుందని చెబుతారు. ఆ రోజున నీలాంటివాళ్లు గుర్రం మీద కూర్చుని నవ్వే ఉంటారు.

సుభద్ర: గుర్రానికైనా చప్పుడు ఉంటుంది. 1994లో హార్లే వాళ్లు తమ సైలెన్సర్ చప్పుడునే ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలని దరఖాస్తు పెట్టారు.

విశ్వనాథం: 2000లో వెనక్కి తీసుకున్నారు కూడా.

సుభద్ర: తరువాత అదే కంపెనీ, లైవ్‌వైర్ నిలబడి ఉన్నప్పుడు ఆన్‌లో ఉన్నదీ లేనిదీ నడిపేవాడికే తెలియదని, నాడి కొట్టుకుంటున్నట్లు చిన్న అదురు పెట్టింది. బతికే ఉన్నానని బండి మనకు విన్నవించుకోవలసిన గతి పట్టింది.

విశ్వనాథం: నీ బండి బతికి ఉన్న సంగతి నాలుగు వీధులకు తెలుస్తుంది. అయినా హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే తప్ప నీ సైలెన్సర్ నీకు వినిపించదు. దాన్ని ఆసాంతం వినే భాగ్యం వెనక వచ్చే నాది.

సుభద్ర: పోనీ, క్లచ్చు మాటేమిటి? ఇరుకు మలుపులో క్లచ్చు సగం పట్టి, వెనక బ్రేకు మీద పాదం ఆనించి, పెద్ద బండిని నడక వేగంతో గుండ్రంగా తిప్పడం ఒక విద్య. మీకు ఆ విద్యతో పని లేకుండా పోయింది.

విశ్వనాథం: సున్నా వేగం నుంచే పూర్తి టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, అందుతుంటే గేర్లు దేనికి, క్లచ్చు దేనికి? ఆ భ్రమల నుంచి నేను ఎప్పుడో బయటపడ్డాను.

సుభద్ర: అలాగా? మరి టీవీ చూస్తూ కూర్చున్నప్పుడు ఎడమచేతి నాలుగు వేళ్లు ఎందుకు ముడిచి విప్పుతున్నారు? నిన్న రాత్రి నిద్రలో ఎడమ పాదం రెండుసార్లు పైకి ఎగరేసి నా దుప్పటి లాగేశారు. మూడో గేరు నుంచి ఐదుకు వెళ్లారనుకుంటాను.

విశ్వనాథం: (వినిపించుకోనట్లు) అన్నిటినీ మించి, నాకు ఆదివారం మిగులుతోంది. ఇంజిన్ ఆయిల్ మార్చనక్కరలేదు, ట్యాపెట్లు చూడనక్కరలేదు, స్పార్క్ ప్లగ్గు లేదు, ఎయిర్ ఫిల్టర్ లేదు. నువ్వు పాత టూత్‌బ్రష్షు, కిరోసిన్ గిన్నె ముందు పెట్టుకుని నేల మీద చతికిలబడే సమయానికి నేను కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుకుంటున్నాను.

సుభద్ర: ఒక్కసారి ఇలా వచ్చి, మీ వెనక చక్రం పక్కన ఉన్నది ఏమిటో చెప్పండి.

విశ్వనాథం: చైను.

(సుభద్ర వంగి చూపుడువేలితో చైను కింది వరసను పైకి నెట్టింది. అది రెండంగుళాలు లేచి, కిర్రుమని శబ్దం చేసి, మళ్లీ వేలాడింది. వేలు బయటికి తీసేసరికి గోరు చుట్టూ ఎర్రటి తుప్పు.)

సుభద్ర: చైనుకు తనను లాగుతున్నది పెట్రోలో కరెంటో తెలియదండీ. మెయింటెనెన్స్ లేని బండి అన్నారని మీరు చైనుకు కూడా సెలవు ఇచ్చేశారు. మీ మాటల్లో చప్పుడు లేని బండి ఇదేనా?

విశ్వనాథం: తిరిగి వచ్చాక చూస్తాను. ముందు నీ బండి స్టార్ట్ చెయ్యి, పొద్దెక్కుతోంది.

(ఇక వాదన దేనికన్నట్లు సుభద్ర విజేతలాగా సీటెక్కి సెల్ఫ్ నొక్కింది. టక్. మళ్లీ నొక్కింది. టక్, టక్, టక్. మీటరులో దీపాలు మసకబారి, సూది కొద్దిగా వణికి పడుకుంది. విశ్వనాథం ముఖంలో ఒక మహానందం మెల్లగా ఉదయించింది.)

విశ్వనాథం: సుభద్రా, ఇప్పుడు నీ పెట్రోలు బండికి ఏమి కావాలి?

సుభద్ర: ఏమీ అక్కరలేదు.

విశ్వనాథం: ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, లీటరుకు 9 కిలోవాట్ అవర్లు కూడా ఉన్నాయి. అయినా లేవడం లేదే! 12 వోల్టుల చిన్న బ్యాటరీ సహకరించకపోతే నీ సెల్ఫ్ మోటారు తిరగదు, కిక్కు రాడ్డు ఎటూ లేదు. నోరు తెరిచి అడుగు, కరెంటు కావాలని.

సుభద్ర: కావాలి. ఆ ప్లగ్గు పాయింటు ఖాళీ చేయండి.

విశ్వనాథం: నా బండి ఇంకా 83 దగ్గరే ఉంది. నిండాలి.

సుభద్ర: 80 దాటాక ప్లగ్గు పీకేయడమే విజ్ఞత అని ఇందాక ఎవరో మహానుభావులు అన్నారు.

విశ్వనాథం: అది దారిలో మాట, ఇంట్లో కాదు. అయినా నీ బ్యాటరీకి ఛార్జర్ తగిలిస్తే అది కోలుకునేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మీ అక్కయ్య వాళ్లు ఈసారి రాత్రి భోజనం కూడా ముగిస్తారు.

సుభద్ర: అయితే ఛార్జర్ వద్దు. దీపాలు వెలిగినంత ప్రాణం ఉంది కాబట్టి ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపు పనిచేస్తుంది. క్లచ్చు దేనికని అడిగారు కదా, దీనికే. నేను రెండో గేరు వేసి క్లచ్చు పట్టుకుంటాను, మీరు వెనక నుంచి తోయండి. వేగం అందుకోగానే వదులుతాను. మీ బండి మొండికేస్తే ఇలా తోసి లేపగలరా?

(ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే విశ్వనాథం తోశాడు. మొదటిసారి క్లచ్చు వదలగానే చక్రం బిగుసుకుని, ఆయన ఛాతీ వెనక సీటుకు కొట్టుకుంది. రెండోసారి ఇంజిన్ దగ్గి, తుమ్మి, అందుకుంది. సుభద్ర గేటు దగ్గర ఒక చుట్టు తిప్పి, ఇంజిన్ ఆపకుండా వచ్చి నిలబడింది. విశ్వనాథం తన బండి ప్లగ్గు తీశాడు, 84.)

విశ్వనాథం: ఈ ఛార్జింగ్‌తో నీ వేగాన్ని అందుకుంటే దారిలో ఆగక తప్పదు, ముందే చెబుతున్నాను.

సుభద్ర: ఆగనక్కరలేదు. ఈసారి నేను 60 దాటను. గాలిని నేను చీల్చుకుంటూ పోతాను, మీరు మరీ మీదికి రాకుండా నా వెనకే రండి. వేగం తగ్గి, నా చాటున కొంత గాలి కూడా తగ్గితే మీ బ్యాటరీకి ప్రాణం మిగులుతుంది. మీ వర్గాలు, ఘనాలు నాకూ వచ్చును.

విశ్వనాథం: అంటే 160 కిలోమీటర్లూ నీ పొగ పీల్చుకుంటూ, నీ సైలెన్సర్ వింటూ రమ్మంటావా?

సుభద్ర: హెల్మెట్ అద్దం దించుకోండి.