ఇసుక తగులుతోంది

వైన్ నోట్లో పోసుకుని, నిమిషంసేపు పుక్కిలించి, కళ్లు మూసుకుని ఆ వైన్ రుచి నిపుణుడు, పెద్దమనిషి, ‘ఇసుక తగులుతోంది’ అన్నాడు. మన ఇళ్లలో అన్నంలో ఇసుక తగిలితే కంచం విసిరేస్తారు. లిస్బన్‌లో చప్పట్లు కొట్టారు.

ఆయన తాగింది కొలారెష్ వైన్. పోర్చుగల్‌లో, లిస్బన్‌కి పడమట, సింత్రా కొండలు దిగాక అట్లాంటిక్ అంచున ఉందీ ఊరు. 1908లోనే హద్దులు గీసిన వైన్ సీమ. ఇసుకకి రుచేమిటండీ అంటే ‘టెర్వా’ అన్నాడు, అంటే పండిన నేల గుణం వైన్‌లోకి దిగడమట. ఆ మాట పడ్డాక ఇక ఎవరూ ప్రశ్నలడగరు.

నిజానికి ఆ ఇసుక చేసిన పని వేరు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి దిగిన ఫిలోక్సెరా పురుగు యూరప్ ద్రాక్షతోటల వేళ్లు పీల్చేసింది. మిగతావాళ్లు ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేరుకి అంటు కట్టుకుని బతికారు. ఇసుకలో పురుగు ఆటలు సాగక, కొలారెష్‌లో రమిష్కో అనే ద్రాక్షతీగ ఇప్పటికీ సొంత వేళ్లమీదే ఉంది. పందిరీ గిందిరీ లేదు. సముద్రపు గాలికి జడిసి పుచ్చతీగలా నేలన పాకుతుంది, చుట్టూ రెల్లు దడి. గుత్తులు ఇసుక వేడికి మాడకుండా కింద పుల్లలు పోటు పెడతారు. చిన్న పండు, మందం తోలు. కొత్త వైన్ వగరుకి నాలుక మడతపడిపోతుంది, ఏళ్ల తరబడి ఆగాల్సిందే.

అయితే తీగ నాటేది ఇసుకలో కాదు, దాని అడుగున మీటర్ల లోతున్న బంకమట్టిలో. అక్కడిదాకా గోతులు తవ్వాలి. ఇసుక గోడలు నిలుస్తాయా? మీద కూలితే కాస్త ఊపిరాడాలని కూలీలు తలమీద బుట్ట బోర్లించుకుని దిగేవాళ్లు.

రుచి నిపుణులకి పట్టా ఆ గోతిలోనే ఇవ్వాలని నా మనవి. బో టై కట్టుకుని, బుట్ట బోర్లించుకుని, గ్లాసుతో దిగాలి. బుట్ట కిందికి గ్లాసు దూరదు కాబట్టి స్ట్రా ఇద్దాం, అంత కర్కోటకులం కాదు. లోపల్నించి ‘ముగింపులో ఎండు అత్తిపండు’ అని వినపడుతుండగా గట్టున ఒక పలుగు దెబ్బ. కాలరులోకి, చెవుల్లోకి, జేబులోని విజిటింగ్ కార్డుల్లోకి జలజలా... ఇప్పుడు తగులుతోందా అండీ?

ఆ బుట్ట కింద ప్రాణం బిగబట్టిన మనిషి పేరు ఏ సీసామీదా లేదు. వాడు తవ్వాడు, వాడి కొడుకు తవ్వాడు. మీరు మెచ్చుకునేది ఇసుకని! ఆ ఇసుకనైనా ఉంచారా? లిస్బన్ డబ్బు వచ్చి తోటలు కొట్టేసి విల్లాలు కట్టింది. ఒకప్పుడు వందల హెక్టార్లు, ఇప్పుడు పదుల్లో. పురుగు కూడా చెయ్యలేని పని ఇది, పురుగు కంటే హీనం.

ఇదంతా చెప్పబోతే పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. సముద్రం కనపడే ఇల్లొకటి అక్కడే చూశాడట, అడ్వాన్సూ ఇచ్చేశాడట. పెరట్లో రెండు తీగలు మాత్రం ఉంచుతాడట, అందానికి.